సహపాలన, ఒక అలమర తాళంచెవి

ఈసారి ఉత్పలమాల గురించి రాస్తానన్న మాట తప్పుతున్నాను, మన్నించగలరు. మా శ్రీమతికి మోకాలి శస్త్రచికిత్స జరిగి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు రాత్రులు తోడుగా ఉండవలసివచ్చింది. నర్సుల పనిని గమనించడం తప్ప నాకక్కడ వేరే వ్యాపకం లేకపోయింది.

రెండవ రాత్రి కట్టు తడిసింది. నర్సు వెంటనే వచ్చి చూసి, మార్చాలన్నది. మార్చడానికి మాత్రం 20 నిముషాలు పట్టింది. దూదీ కట్టుగుడ్డలూ ఉండే అలమరకు రాత్రిపూట తాళం వేస్తారట. తాళంచెవి కింది అంతస్తులో పర్యవేక్షకురాలి దగ్గర ఉంటుంది. ఆ అమ్మాయి మెట్లు దిగి ఎక్కి వచ్చేలోగా మరి ఇద్దరు రోగులు గంట నొక్కారు.

"ఆ తాళంచెవి ఈ అంతస్తులోనే ఉంచుకోరాదా అమ్మా?" అని అడిగాను.

"మేమూ అదే అనుకుంటాం మాస్టారూ. మమ్మల్ని అడిగేదెవరు?" అన్నది. ఆ మాటలో కోపం లేదు. ఈ ఏడు వానలు లేవని చెప్పినంత మామూలుగా చెప్పింది. నన్ను బాధించింది ఆ మామూలుతనమే.

నా పూర్వవిద్యార్థిని ఒకరు అమెరికాలో నర్సుగా ఉన్నది. పరామర్శకు ఫోను చేసినప్పుడు ఈ కథ చెప్పాను. "మా దగ్గరైతే అది కౌన్సిలులో పెట్టేవాళ్ళం మాస్టారూ" అన్నది. వార్డులో పనిచేసే నర్సులే తమలోనుంచి కొందరిని ఎన్నుకొని ఒక మండలిగా ఏర్పడతారు. రోగి మంచం దగ్గర పని ఎలా జరగాలి, ఏ వస్తువు ఎక్కడ ఉండాలి, కొత్తవారికి ఏమి నేర్పాలి అన్నవి ఆ మండలి నిర్ణయిస్తుంది. దీనిని వాళ్ళు షేర్డ్ గవర్నెన్సు అంటారు.

దీనికి తెలుగేమిటని ఆలోచించాను (పండితశిక్షణ ఊరికే పోదు గదా!). సహపాలన అనుకున్నాను. గవర్నెన్సు అన్న మాటకు గ్రీకు మూలంలో అర్థం చుక్కాని పట్టడం. మన పాలనలో రక్షించడం, పోషించడం ఉన్నాయి, లాలనపాలన అంటాం. నర్సు అన్న మాటకూ లాటిను మూలం పోషించడమే. అంటే పాలన అన్న మాట నర్సులకు పరాయిది కాదు.

ఈ పద్ధతికి ఆ దేశంలో బలం వచ్చింది నర్సుల కొరత కాలంలో. 1983లో అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగు వారి అధ్యయనం ఒకటి వెలువడింది. అంతటా నర్సులు వెళ్ళిపోతూ ఉంటే కొన్ని ఆసుపత్రులలో మాత్రం ఎందుకు నిలిచి ఉన్నారని అందులో విచారించారు. 163 ఆసుపత్రులు పరిశీలించి 41 ఎంచారు, వాటిని అయస్కాంతాలన్నారు. అక్కడ కనిపించిన లక్షణాలలో ఒకటి, నిర్ణయాలలో నర్సులకు పాలు ఉండడం. 1994లో లిండా ఐకెన్ బృందం అటువంటి 39 ఆసుపత్రులను 195 సాధారణ ఆసుపత్రులతో పోల్చగా, వృద్ధరోగుల మరణాలు మొదటివాటిలో తక్కువగా కనిపించాయి. అది ఒక్క మండలి మహిమే అనడం తొందరపాటు. మంచి ఆసుపత్రికి మంచిగుణాలు గుంపుగా ఉంటాయి. కాని 2002లో ఐలీన్ లేక్ నర్సుల పని వాతావరణాన్ని కొలవడానికి 31 అంశాల కొలమానం రూపొందించినప్పుడు, ఆసుపత్రి వ్యవహారాలలో నర్సుల పాత్రను అందులో ఒక విభాగంగానే పెట్టారు.

అయితే మా అమ్మాయి ఇంకొక మాటా చెప్పింది. "గోడల రంగు అడిగారు మాస్టారూ, నోటీసుబోర్డు ఎక్కడ పెట్టాలో అడిగారు. రాత్రి ఎంతమంది నర్సులుండాలన్నది మాత్రం అడగలేదు. మనుషులు తక్కువైన రోజున ముందు రద్దయ్యేది కౌన్సిలు సమావేశమే." నాకు అసలు విషయం ఇక్కడే కనిపించింది. వేళ ఇవ్వకుండా, ముఖ్యమైన నిర్ణయం ఇవ్వకుండా పీట మాత్రం వేయడాన్ని పాలు ఇవ్వడం అనలేము.

ఈ పీట సంగతి నాకు తెలుసు. నా ఉద్యోగకాలంలో చాలా ఏళ్ళు స్టాఫు మీటింగు అంటే ప్రధానోపాధ్యాయులు ఉత్తర్వు చదవడం, మేము రిజిస్టరులో సంతకం చేయడం. చివరి పీరియడు ఎప్పుడూ తెలుగుకే వేస్తారని నేను సణుగుతూ ఉండేవాణ్ణి. ఒక్క ఏడు, కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయులు టైంటేబులు మీరే వేసుకోండి అన్నారు. రెండు సాయంత్రాలు కొట్లాడుకున్నాం. లెక్కల మాస్టారి ఇబ్బంది నాకు అప్పుడే అర్థమైంది. ఏడవ తరగతి చివరి పీరియడు నేనే అడిగి తీసుకున్నాను. ఆ ఏడు సణగలేదు.

మన దగ్గర జీతమే సరిగా లేనప్పుడు మండళ్ళెందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన కమిటీ 2016లో, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం 20,000 రూపాయలకు తగ్గరాదని చెప్పింది. ఆ సిఫారసు కాగితం దాటని చోట్లు ఎన్నో ఉన్నాయి. నోరు లేనివారి జీతం అలాగే ఉంటుంది. కనుక ఈ రెంటినీ వేరుచేయడం నాకు ఇష్టం లేదు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. వైద్యుడే ప్రధానమన్నాడు, నిజమే. కాని పరిచారకుడి గుణాలు చెప్పేటప్పుడు అనురాగం కంటె ముందు ఉపచారం తెలిసి ఉండడాన్ని చెప్పాడు. మనం నర్సులను పొగిడేటప్పుడు ఓర్పూ చిరునవ్వూ అంటామేగాని, వారికి తెలిసినది ఏమిటని అడగము.

ఇంటికి వచ్చే రోజున ఆసుపత్రివారు అభిప్రాయపత్రం ఇచ్చారు. సిబ్బంది చిరునవ్వుతో పలకరించారా అన్న ప్రశ్నకు అయిదు నక్షత్రాలున్నాయి. సలహాలకు రెండు గీతలు వదిలారు. ఆ అమ్మాయికి మాట రాకూడదని ఆమె ఊసెత్తకుండా అలమర తాళంచెవి సంగతి రాశాను. గీతలు చాలక వెనుకపుటలోకి వెళ్ళింది.