రేడాన్ లెక్క తేలేదెలా?

రాతి పొరల బోరు నీటిలో రంగు, రుచి లేని వాయువు
డబ్బాలో పట్టి పంపితే దొరకని ఆచూకీ

నల్గొండ: బోరు నీటిలో ఏముందో తెలుసుకోవాలంటే డబ్బాలో నీరు పట్టి ప్రయోగశాలకు పంపడం జిల్లా పల్లెలకు కొత్త కాదు. ఫ్లోరైడ్, నైట్రేట్, లవణాల లెక్క ఈ పద్ధతిలోనే తేలుతుంది. రేడాన్ విషయంలో మాత్రం ఇది పనికిరాదు. నీరు డబ్బాలో పడుతుండగానే ఆ వాయువు గాలిలో కలవడం మొదలవుతుంది. మిగిలినది 3.8 రోజులకోసారి సగం చొప్పున తరిగిపోతుంది. అందువల్ల మామూలు పరీక్షలో రేడాన్ ఊసు లేనంత మాత్రాన నీటిలో అది లేదని అనుకోవడానికి వీల్లేదు.

గని లేకున్నా రాయి ఉంది

రాళ్లలోని యురేనియం క్రమంగా క్షీణించి రేడియంగా, ఆపై రేడాన్‌గా మారుతుంది. గ్రానైటు పగుళ్లలో నిలిచిన నీటిలో ఈ వాయువు కరుగుతుంది. నదులు, చెరువుల నీటిలో గాలి తగిలి ఎగిరిపోతుంది కనుక అక్కడ నామమాత్రంగానే ఉంటుంది. జిల్లాలో అధిక భాగం గ్రానైటు నేలే. లంబాపురం-పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాలూ ఉన్నాయి. అక్కడి గనుల ప్రతిపాదనపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరగగా తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైంది. గనులు తెరుచుకోలేదు. చర్చ కూడా గనులతోనే ఆగిపోయింది. అయితే రేడాన్ పుట్టడానికి తవ్వకాలు అవసరం లేదు.

ఇలాంటి శిలలే ఉన్న బెంగళూరు ప్రాంతంలో కొన్ని బోర్ల నీటిలో లీటరుకు 1000 బెకరెల్స్‌కు పైగా రేడాన్ ఉన్నట్లు 2010లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. సెకనుకు ఒక అణువు క్షీణిస్తే ఒక బెకరెల్. ఆ అంకెను నల్గొండకు అన్వయించలేం. పక్కపక్కనే ఉన్న రెండు బోర్ల మధ్య కూడా ఎంతో తేడా ఉండవచ్చు. బోరు వారీగా కొలిస్తేనే వాస్తవం తెలుస్తుంది.

ముప్పు గాలిలోనే ఎక్కువ

రేడాన్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. తాగిన నీటి కంటే పీల్చిన గాలితోనే ముప్పు ఎక్కువ. నీటిలోని రేడాన్ వల్ల కలిగే క్యాన్సర్ మరణాల్లో సుమారు 89 శాతం ఊపిరితిత్తులకు, 11 శాతం జీర్ణాశయానికి సంబంధించినవని అమెరికా జాతీయ పరిశోధన మండలి 1999లో అంచనా వేసింది. లీటరు నీటిలో 100 బెకరెల్స్ ఉంటే ఇంటి గాలిలో ఘనపు మీటరుకు సగటున 10 బెకరెల్స్ చేరుతాయి. ఇంటి గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన స్థాయి 100 బెకరెల్స్. అంటే 1000 బెకరెల్స్ నీరు ఒక్కటే ఆ హద్దును అందుకోగలదు. నేల నుంచి నేరుగా ఇంట్లోకి వచ్చే రేడాన్ దీనికి అదనం. బీడీ, సిగరెట్ తాగేవారికి ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది.

ప్రమాణాల్లో చోటేదీ?

నీటిలో రేడాన్‌కు ఐరోపా సమాఖ్య 2013లో లీటరుకు 100 బెకరెల్స్ స్థాయిని నిర్దేశించింది. అమెరికా 1999లో 11 బెకరెల్స్ హద్దును ప్రతిపాదించినా ఖరారు చేయలేదు. మన తాగునీటి ప్రమాణాల్లో ఆల్ఫా, బీటా కిరణాలకు పరిమితులు ఉన్నాయి కానీ రేడాన్‌కు ప్రత్యేక హద్దు లేదు. పైగా ఆల్ఫా పరీక్షకు నీటిని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరితోపాటే రేడాన్ కూడా వెళ్లిపోతుంది. యురేనియం పరీక్ష కూడా దీనికి ప్రత్యామ్నాయం కాదు. యురేనియం తక్కువగా ఉన్న నీటిలోనూ రేడాన్ ఎక్కువగా ఉండవచ్చు.

కొలవాల్సింది బోరు వద్దే

బోరును కొంతసేపు నడిపి, నిల్వ నీరు పోయాక నమూనా తీయాలి. గాజు సీసాను నీటిలో ముంచి, ఒక్క గాలి బుడగ కూడా లేకుండా బిగించాలి. పట్టిన సమయాన్ని నమోదు చేసి, పరీక్ష నాటికి తరిగిన భాగాన్ని లెక్కలో కలపాలి. బోరు వద్దే కొలిచే చిన్న యంత్రాలూ ఉన్నాయి. భాభా అణు పరిశోధన కేంద్రం ఇటువంటి పరికరాన్ని దేశీయంగానే రూపొందించింది. వేసవిలో, వానల తర్వాత విడివిడిగా కొలిస్తే మార్పులు తెలుస్తాయి.

నివారణ ఖరీదైనదేమీ కాదు. నీటిని ధారగా పడేలా చేసి గాలి తగలనిస్తే రేడాన్ చాలావరకు పోతుంది. గాలి ఆడే ట్యాంకులో నిల్వ ఉంచినా తగ్గుతుంది. మరిగించినా పోతుంది కానీ వంటగది కిటికీలు తెరిచి ఉంచాలి. ఫ్లోరైడ్‌ను వడకట్టే ఆర్ఓ పొర కరిగిన వాయువును ఆపలేదు. నదీజలాలు అందే ఇళ్లకు ఈ బెడద స్వల్పం. బోరు నీటిని నేరుగా కుళాయికి కలుపుకున్న ఇళ్లు, పాఠశాలలు, వసతి గృహాలే పరీక్షల్లో ముందుండాలి. ఫ్లోరైడ్ జాడ ఎముకలు వంగాక బయటపడింది. రేడాన్‌కు అలాంటి పైకి కనిపించే గుర్తు కూడా ఉండదు. కొలత ఒక్కటే దాని ఆనవాలు.