ఇంజినీరింగ్ చదువు బరిలోకి దిగాలి

ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో ఒక రైతు ఇంట పుట్టిన రాజ్ రెడ్డి, 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. పన్నెండేళ్లపాటు దాన్ని నడిపించారు. కంప్యూటర్ శాస్త్రంలో నోబెల్ అంతటిదిగా ఎంచే ట్యూరింగ్ పురస్కారం 1994లో ఆయనను వరించింది. రోబోటిక్స్‌ను ఒక శాస్త్రంగా నిలబెట్టినవారిలో ఒకరు మన జిల్లావారని చెప్పుకోవడం మనకిష్టం. ఇదే జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాలల్లో మాత్రం రోబో ఏడాదికి రెండు రోజుల ముచ్చట. టెక్‌ఫెస్ట్‌ నాడు బయటికొస్తుంది, ముఖ్య అతిథి ముందు కాసేపు తిరుగుతుంది, ఫొటో దిగి మళ్లీ బీరువాలోకి పోతుంది. ఈ తంతు ఇక చాలు. రోబోటిక్స్ పోటీని క్రెడిట్లున్న చదువుగా మార్చాలి. బీటెక్‌లోనూ పాలిటెక్నిక్‌లోనూ ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా తన చేత్తో చేసిన యంత్రాన్ని నలుగురి ముందు బరిలో నిలబెట్టి తీరాలి. ఆ పని తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచే మొదలుకావాలి.

ఇక్కడి నుంచే ఎందుకన్న ప్రశ్నకు ఈ నేలే జవాబు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల 1959 నుంచి ఉంది. శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ 2013లో, తిరుపతిలో ఐఐటీ 2015లో మొదలయ్యాయి. ఐఐటీ ఇప్పుడు ఏర్పేడు దగ్గర సొంత ప్రాంగణంలో నడుస్తోంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఇంజినీరింగ్ విభాగం ఉంది. ఎస్వీ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. తిరుపతి శివార్ల నుంచి చిత్తూరు, కుప్పం దాకా ప్రైవేటు కళాశాలలు బారులు తీరి ఉన్నాయి. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు చేస్తున్నారు. శ్రీసిటీలో వాహనాల నుంచి ఎలక్ట్రానిక్స్ దాకా పరిశ్రమలు నడుస్తున్నాయి. 2022 జిల్లాల విభజనతో శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 2023 జులై 14న చంద్రయాన్-3తో పాటు 26 కిలోల ప్రజ్ఞాన్ అనే ఆరు చక్రాల రోబో చంద్రుడి మీదికి బయల్దేరింది ఆ తీరం నుంచే. ఇన్ని వనరుల నడుమ చదువుకుంటూ, ఒక మోటారును విప్పి చూడకుండానే పట్టా పుచ్చుకుంటున్న విద్యార్థులు మనకున్నారంటే లోపం చదువు చెప్పే తీరులో ఉంది.

మన ల్యాబుల్లో జరుగుతున్నదేమిటో అందరికీ తెలుసు. సెమిస్టరుకు ఇన్ని ప్రయోగాలని పట్టిక ఉంటుంది. జవాబు ముందే తెలిసిన ప్రయోగాలవి. సీనియరు రికార్డు చూసి జూనియరు రాస్తాడు. గ్రాఫు సరిగ్గా రాకపోతే రీడింగులను సర్దుతాడు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి బజారు సిద్ధంగా ఉంటుంది: పరికరం, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ కలిపి ఒకే ధర. విద్యార్థిని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. పనిచేస్తుందో లేదో ముందుగా తెలియని వస్తువును తయారుచేయమని నాలుగేళ్లలో అతన్ని అడిగినవాళ్లే లేరు. పైగా సీట్లన్నీ కంప్యూటర్ సైన్సు వైపు పరుగెడుతున్నాయి, మెకానికల్ తరగతులు పలచబడుతున్నాయి. రోబోకు మెకానికల్ చట్రం, ఎలక్ట్రానిక్స్ నాడులు, కంప్యూటర్ బుర్ర మూడూ కావాలి. మూడు బ్రాంచీల పిల్లలు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాల్సిన అవసరం కల్పించే పని ఇప్పటి పాఠ్యప్రణాళికలో దాదాపు లేదు.

పోటీ ఏం నేర్పుతుందో తెలియాలంటే అన్నిటికంటే తేలికైన లైన్ ఫాలోయర్‌నే చూడండి. తెల్లటి నేల మీద నల్లటి గీతను పట్టుకుని పోయే చిన్న బండి అది. అడుగున పరారుణ సెన్సర్లుంటాయి. తెలుపు ఆ కాంతిని వెనక్కి కొడుతుంది, నలుపు మింగేస్తుంది. ఆ తేడాను బట్టి రెండు మోటార్ల వేగం మారుతుంది. ల్యాబులో ట్యూబులైటు కింద చక్కగా పరుగెత్తిన బండి, పోటీ రోజున షామియానా కింద ఎండ పడగానే గీత వదిలేసి పక్కకు పోతుంది. ఎండలోనూ పరారుణ కిరణాలుంటాయన్న సంగతి అక్కడ తెలిసొస్తుంది. మోటారు కదిలే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. స్టార్టింగ్ కరెంటు గురించి పుస్తకంలో చదివి పది మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, తన రోబో బరి మధ్యలో ఆగిపోయినప్పుడు ఆ పాఠాన్ని నిజంగా చదువుతాడు. మలుపు దగ్గర బండి ఊగిపోతుంటే కంట్రోల్ సిస్టమ్స్ పాఠం గుర్తొస్తుంది. ఏ ట్యూషనూ పుట్టించలేని ఆసక్తి అది. ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరిన డిప్లొమా విద్యార్థి, ఇంగ్లిష్ పాఠాల ముందు తలదించుకున్నవాడు, సోల్డరింగ్ ఐరన్ పట్టిన రోజున తరగతిలో పెద్దవాడవుతాడు.

ఇది మనం కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతేమీ కాదు. మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో వుడీ ఫ్లవర్స్ అనే ఆచార్యుడు 1970లలో డిజైన్ తరగతినే పోటీగా మార్చారు. అందరికీ ఒకే రకం సామాను సంచి ఇచ్చి, దానితోనే యంత్రం చేసి పోటీకి రమ్మనేవారు. ఆయన తోడుగా డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ, 1992లో న్యూహాంప్‌షైర్‌లోని ఒక పాఠశాల వ్యాయామశాలలో 28 జట్లతో తొలి పోటీ పెట్టింది. ఇప్పుడది దేశదేశాల బడిపిల్లల పండుగ. మన దగ్గర ఐఐటీ బొంబాయి నడిపే ఈ-యంత్ర పోటీ 2012 నుంచి ఉంది. నలుగురేసి జట్టుగా చేరిన విద్యార్థులకు దూరం నుంచే నెలల తరబడి నేర్పిస్తారు. ఆ కార్యక్రమం కింద కళాశాలల్లో ల్యాబులు పెట్టించి అధ్యాపకులకూ శిక్షణ ఇస్తున్నారు. ఇస్రో కూడా బెంగళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం తరఫున విద్యార్థులకు రోబోటిక్స్ సవాలు విసురుతోంది. దారి వేసే ఉంది. దక్షిణ రాయలసీమ పిల్లల్లో ఎక్కువమందికి ఆ దారి ఉన్నట్టు చెప్పేవారే లేరు.

ఆసియా పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య 2002లో టోక్యోలో మొదలుపెట్టిన విద్యార్థుల రోబోల పోటీ రోబోకాన్‌ను గమనించండి. ఏటా ఆతిథ్య దేశం తన సంస్కృతిలోంచి ఒక ఆటను సవాలుగా ఇస్తుంది. 2008లో పుణె వేదికైనప్పుడు గోవిందుడి ఉట్టి కొట్టడమే రోబోలకు పని. గోకులాష్టమి మర్నాడు తిరుమల వీధుల్లో జరిగే ఉట్లోత్సవం ఎరిగిన మనకు అంతకంటే దగ్గరి ఆట ఉంటుందా? 2022లో ఢిల్లీలో మన ఏడుపెంకులాటనే లగోరి పేరుతో పెట్టారు. 2008, 2014, 2022లలో మూడుసార్లు ఆతిథ్యమిచ్చినా ట్రోఫీ మనకు దక్కలేదు. 2014లో పుణె నుంచి దాన్ని ఎగరేసుకుపోయింది వియత్నాంలోని లాక్ హాంగ్ విశ్వవిద్యాలయం. 2017లో, 2018లో కూడా అదే గెలిచింది. అది రాజధాని సంస్థ కాదు, కొమ్ములు తిరిగిన జాతీయ సంస్థా కాదు. బియెన్ హోవా అనే పారిశ్రామిక పట్టణంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయం. అక్కడ సాధ్యమైనది రేణిగుంటలోనో చిత్తూరులోనో అసాధ్యమని ఎవరూ అనలేరు.

పోటీల్లో దక్కే అసలు సంపద ఓటమి. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా 2004 మార్చిలో డ్రైవరు లేని వాహనాలకు మొహావీ ఎడారిలో పందెం పెట్టింది. సుమారు 230 కిలోమీటర్ల దారిని ఒక్క బండీ పూర్తిచేయలేదు. అన్నిటికంటే ముందుకు పోయిన కార్నెగీ మెలన్ బండి కూడా 12 కిలోమీటర్లు దాటకముందే చతికిలపడింది. ఏడాదిన్నర తిరిగేసరికి, 2005 అక్టోబరులో, ఐదు వాహనాలు గమ్యం చేరాయి. స్టాన్‌ఫర్డ్ మొదటిదైతే, రెండు మూడు స్థానాలు కార్నెగీ మెలన్‌వే. 2007లో నగర వీధుల పందెం కార్నెగీ మెలన్ గెలిచింది. మన శ్రీహరికోట కథా అంతే. 2019లో చంద్రుడి మీద కూలిన చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ నేర్పిన పాఠాలే 2023 ఆగస్టు 23 నాటి విజయానికి పునాది. ఓడితే ఏం పాడైందో వెదికి సరిచేయడమే ఇంజినీరు వృత్తి. తప్పును దాచడానికి అలవాటుపడ్డ మన పరీక్షల పద్ధతి దానికి సరిగ్గా ఎదురు పాఠం చెబుతోంది.

అభ్యంతరాలు లేకపోలేదు. పోటీలు కొద్దిమంది చురుకైనవాళ్లకే మేలు చేస్తాయని, మిగతావాళ్లు చప్పట్లకే పరిమితమవుతారని అంటారు. ఐచ్ఛికంగా ఉంచినంత కాలం అది నిజమే. అందుకే క్రెడిట్లతో అందరికీ వర్తించాలంటున్నాం. ఖర్చు భరించలేమనేవారున్నారు. బడిపిల్లల కోసం అటల్ టింకరింగ్ ల్యాబు పెట్టుకోమని కేంద్రం 2016 నుంచి ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తూ వచ్చింది. ప్రవేశ ద్వారాలకు, హోర్డింగులకు డబ్బు దొరికే కళాశాలలకు మోటార్లు, బోర్డులకు దొరకదంటే నమ్మలేం. అన్నిటికంటే బలమైన అభ్యంతరం మరొకటి: దీన్నీ కోచింగ్ వ్యాపారం మింగేస్తుంది, డబ్బున్నవాడు ఖరీదైన కిట్ కొని కప్పు పట్టుకుపోతాడు. ఈ భయం సహేతుకమైనది. దానికి మందు నిబంధనల్లో ఉంది. అందరికీ ఒకే కిట్, ఒకే ఖర్చు పరిమితి. న్యాయనిర్ణేతల ముందు రోబోను విప్పి మళ్లీ బిగించాలి. వారడిగిన చిన్న మార్పును అక్కడికక్కడే చేసి చూపాలి. కొని తెచ్చినవాడు ఆ బల్ల దగ్గరే దొరికిపోతాడు. వివరణ తెలుగులో చెప్పినా ఒక్క మార్కు తగ్గకూడదు.

సవాళ్ల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. తోతాపురి కోతల వేళ చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల్లో కాయలను చేత్తో ఏరుతున్నారు. పండును, పచ్చిని, పుచ్చును విడదీసే చవక యంత్రం ఒక సవాలు. కౌండిన్య అడవి దాటి పలమనేరు, కుప్పం పొలాల మీదికి ఏనుగులు దిగుతున్నాయి. ముందే పసిగట్టి రైతును లేపే పరికరం మరో సవాలు. 2023లో అలిపిరి మెట్ల దారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనబెట్టుకుంది. ఆ దారికి రాత్రి కాపలా కాసే సెన్సర్ల వరుస ఇంకో సవాలు. మ్యాన్‌హోళ్లలోకి మనిషి దిగకుండా చేసే పని అన్నిటికంటే అత్యవసరం. కేరళలోని కుట్టిప్పురంలో ఇంజినీరింగ్ చదివిన స్నేహితులు జెన్‌రోబోటిక్స్ సంస్థ పెట్టి తయారుచేసిన బాండికూట్ రోబో 2018లో తిరువనంతపురంలో ఆ పనిలోకి దిగింది. కళాశాలలో కలిసి చదివిన కుర్రాళ్లే అది చేశారు. మన కుర్రాళ్లు అంతకు తీసిపోయినవాళ్లు కారు.

కాబట్టి ఎవరెవరు ఏం చేయాలో స్పష్టంగా చెబుతున్నాం. జేఎన్టీయూ అనంతపురం, ఎస్వీయూ తమ బీటెక్ నిబంధనల్లో మినీ ప్రాజెక్టు స్థానంలో జట్టుగా చేసే పోటీ ప్రాజెక్టును చేర్చాలి. గెలుపుకు కొద్ది మార్కులే ఉండాలి. రోజువారీ పనిని రాసుకున్న పుస్తకానికి, ఏం విఫలమైంది, ఎందుకైంది అని రాసిన నివేదికకు ఎక్కువ మార్కులివ్వాలి. సాంకేతిక విద్యాశాఖ పాలిటెక్నిక్‌లకూ ఇదే వర్తింపజేయాలి. తిరుపతి ఐఐటీ తన ల్యాబుల తలుపులు ఇరుగుపొరుగు కళాశాలలకు తెరిచి, ఎస్వీయూ, మహిళా విశ్వవిద్యాలయం, శ్రీసిటీ ట్రిపుల్ ఐటీలతో కలిసి ఏటా రాజ్ రెడ్డి పేరిట ప్రాంతీయ పోటీ నిర్వహించాలి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలకు అందులో వేరే విభాగం ఉండాలి. పరిశ్రమలు బ్యానర్లకిచ్చే డబ్బు మానేసి పాత మోటార్లు, సెన్సర్లు ఇవ్వాలి. తమ ఇంజినీర్లను వారానికో పూట కళాశాలలకు పంపాలి. యాజమాన్యాలు ల్యాబులను రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచాలి. చీకటి పడకముందే ఆడపిల్లల హాస్టల్ గేటుకు తాళం వేసి, ఆ తర్వాత జట్టులో ఆడపిల్లలు లేరేమని అడగడం దగా. వాళ్లకు భద్రమైన బస్సు, మహిళా అధ్యాపకుల పర్యవేక్షణ ఏర్పాటుచేయడం కళాశాల బాధ్యత. అధ్యాపకుల విషయం మరువకూడదు. పోటీ జట్టును నడిపించిన గంటలను బోధన గంటలుగా లెక్కించకపోతే ఈ పథకం కాగితం దాటదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. కళాశాల ఎంపిక చేసుకునే రోజున ప్లేస్‌మెంట్ల అంకెలు అడిగే ముందు, ల్యాబు చూపించమని అడగండి. నిరుడు విద్యార్థులు చేసిన యంత్రాల్లో ఒక్కదాన్నైనా మీ కళ్ల ముందు నడిపించమనండి. నడిపించలేని కళాశాలకు మీ బిడ్డను పంపకండి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనాలూ అక్కర్లేదు. విశ్వవిద్యాలయాల పాలకమండళ్ల తీర్మానం చాలు. వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా ఆ తీర్మానం చేసి, ఉత్తర్వులు వెలువరించాలి. అంతకుమించి జాప్యం చేస్తే మరో నాలుగేళ్ల విద్యార్థులు రికార్డులు రాసుకుంటూనే పట్టాలు తీసుకుంటారు. ఆ నష్టానికి విశ్వవిద్యాలయాలే జవాబుదారీ.