ఎత్తు ఎక్కితేనే మాడువాసన!

పిల్లలూ!

మొన్న ఒకనాడు నేనూ, మా మనమరాలూ కొండపక్క గుడికి వెళ్ళాం. బస్సు ఆగే చోటినుంచి గుడిదాకా కొంత చదును బాట, ఆపైన ఎత్తు. ముసలివాళ్ళకోసం అక్కడ బ్యాటరీ కార్లు నడుపుతున్నారు. ఇటువంటి బండ్లు 1950ల నాటికే అమెరికాలో గాల్ఫు ఆటస్థలాల్లో తిరిగేవి. గాల్ఫు కార్టులన్న పేరు అందుకే వచ్చింది. మేం ఎక్కిన దాంట్లో 8 వోల్టుల బ్యాటరీలు ఆరు, ఒక మోటారు, వాటిని కలిపే లావుపాటి తీగలు వున్నాయి.

బండి చదునులో చక్కగా పోయింది. ఎత్తు ఎక్కుతూండగా మాడువాసన వచ్చింది. డ్రైవరు గబుక్కున బండి ఆపి, అందరినీ దింపేశాడు.

"వారంనుంచీ ఇదే గొడవ, తాతగారూ! మోటారు కాలిపోతున్నదట, కొత్తది వెయ్యాలట. నేను మోటుగా నడిపి పాడుచేశానని, ఆ ఖర్చు నా జీతంలో కోస్తామంటున్నారు," అన్నాడతను దిగులుగా.

ఆ వూళ్ళోనే నా పాత శిష్యుడొకడు మోటార్లు బాగుచేస్తూంటాడు. కబురు పంపితే వచ్చాడు. వస్తూనే పానా పట్టుకోలేదు. ముందు టైర్లలో గాలి చూశాడు, బ్రేకులు పట్టేసి వున్నాయేమో చూశాడు. రెండూ బాగానే వున్నాయి. తరవాత సీటు ఎత్తి, తీగను ఈ కొసనుంచి ఆ కొసదాకా పరీక్షించాడు. బ్యాటరీ వైపు తీగ చల్లగా వుంది. మోటారు వైపు మాత్రం జానెడు మేర పైతొడుగు మెత్తబడి, నల్లబడింది.

"చూడండి, మాస్టారూ! బండికి బరువు ఎక్కువైతే తీగ పొడుగునా వేడెక్కాలి. ఒక్క కొసే మాడిందంటే జబ్బు ఆ కొసలోనే వుంది," అన్నాడు.

ఆ అతుకుకు అటూ ఇటూ మీటరు తగిలించి, బండిని ఎత్తు ఎక్కించమన్నాడు. తీగలో 100 ఆంపియర్లు పోతూండగా అతుకు దగ్గర 1 వోల్టు చూపింది. మిగతా అతుకుల దగ్గర ముల్లు కదిలీ కదలనట్టుంది.

"48 వోల్టుల్లో ఒక్కటేగా! అంతమాత్రానికే మాడుతుందా, తాతయ్యా?" అన్నది మా మనమరాలు.

మంచి ప్రశ్న! వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 1 వోల్టు, 100 ఆంపియర్లు. అంటే 100 వాట్లు! పాతకాలపు నూరు వాట్ల బల్బు పుట్టించే వేడి అంతా బొటనవేలంత అతుకులో పుట్టిందన్నమాట.

మరి చదునులో వాసన ఎందుకు రాలేదు? అక్కడ మోటారు 50 ఆంపియర్లే తీసుకున్నది. అప్పుడు అతుకు దగ్గర అర వోల్టే. వేడి 25 వాట్లు. ప్రవాహం సగమైతే వేడి సగం కాదు, పావు వంతు! ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. ఈ సూత్రాన్ని 1841లో జేమ్స్ జౌల్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు.

ఫ్యూజు ఎందుకు పోలేదంటారా? ప్రవాహం మితిమీరితేనే ఫ్యూజు పోతుంది. ఇక్కడ ప్రవాహం మామూలే. చెడింది దారి.

నా శిష్యుడు బ్యాటరీల తీగ తప్పించి, అతుకు విప్పాడు. తీగ కొసన వుండే రాగి చెవిని లగ్గు అంటారు. అది వదులై, నల్లగా చిలుము పట్టివుంది. లోపల రాగిపోగులు కొన్ని తెగిపోయాయి. బడి గేటు ఒక రెక్కే తెరిస్తే గంట కొట్టగానే మీరెంత తోసుకుంటారు! కరెంటు పనీ అంతే. అతుకు వేడెక్కితే చిలుము పెరుగుతుంది. చిలుము పెరిగితే ఇంకా వేడెక్కుతుంది.

"ఊరికే బిగిస్తే పోదా?" అని డ్రైవరు అడిగాడు.

"పోదు. చిలుము చిలుములాగే వుంటుంది," అని నా శిష్యుడు మాడిన మేర కోసేసి, మెరిసే రాగి కనిపించాక కొత్త లగ్గు నొక్కించాడు. కింది నట్టును ఒక పానాతో కదలకుండా పట్టుకుని, పై నట్టును ఇంకొకదానితో బిగించాడు. అట్లా పట్టుకోకపోతే మోటారు మర మెలితిరిగి విరుగుతుందట.

మళ్ళీ ఎత్తు ఎక్కించారు. వాసన లేదు. మీటరు ముల్లు కదల్లేదు. మోటారుకు ఏ జబ్బూ లేదు. డ్రైవరు చేసిన తప్పూ లేదు. ఆ మాట నా శిష్యుడు ఆఫీసులో చెప్పి, మాడిన లగ్గును బల్లమీద పెట్టి వచ్చాడు. జీతం కోత తప్పింది.

పిల్లలూ! మీ ఇంట్లో ప్లగ్గు వేడెక్కినా, స్విచ్చి దగ్గర మాడువాసన వచ్చినా ఆలస్యం చెయ్యకండి. మీరు ముట్టుకోకుండా, మెయిను ఆపమని వెంటనే పెద్దవాళ్ళతో చెప్పండి. పెద్దలారా! పిల్లలు చెబితే కసరకండి.

ఇక మీకొక లెక్క. ఆ చెడ్డ అతుకులో 200 ఆంపియర్లు పోతే ఎన్ని వాట్ల వేడి పుడుతుంది? చేసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి. శలవు!