సొంత గొంతుక

'ఎరువు సొమ్ము బరువు చేటు' అని తెలుగువారి సామెత. అడిగి తెచ్చుకొన్న నగ ఎంత మెరిసినా పెట్టుకొన్నవారికి అది బరువే గాని భాగ్యం కాదు. ఈ సామెత ఆభరణాలకే కాదు, కళలకు కూడా వర్తిస్తుంది. పరుల ప్రతిభతో లభించిన కీర్తి ఎంత గొప్పదైనా కళాకారుని మనస్సులో ఏదో ఒక వెలితి మిగిలే ఉంటుంది. అటువంటి వెలితిని పూరించుకోవడానికి ఇంగ్లండుకు చెందిన ఒక వాద్యబృందం చేసిన ప్రయత్నమే 1974లో వెలువడిన 'స్వీట్ ఫానీ ఆడమ్స్' అనే పాటల సంపుటి. ఆ బృందం పేరు 'స్వీట్'.

1970వ దశకం ఆరంభంలో బ్రిటన్‌లో 'గ్లామ్ రాక్' అనే సంగీతధోరణి ప్రబలింది. తళుకుల దుస్తులు, ఎత్తైన మడమల జోళ్లు, ముఖానికి రంగులు, చెవులు గింగురుమనే గిటారు నాదం - ఇవి దాని బాహ్యలక్షణాలు. టి. రెక్స్, స్లేడ్ వంటి బృందాలు ఈ ధోరణికి ప్రాచుర్యం కల్పించాయి. బి.బి.సి. టెలివిజన్‌లో ప్రసారమైన 'టాప్ ఆఫ్ ది పాప్స్' కార్యక్రమం ఈ వేషాన్ని ఇంటింటికీ చేర్చింది. స్వీట్ బృందం ఈ కాలానిదే. గాయకుడు బ్రయన్ కానలీ, బాస్ గిటారు వాయించే స్టీవ్ ప్రీస్ట్, గిటారు వాదకుడు ఆండీ స్కాట్, డ్రమ్ములు వాయించే మిక్ టకర్ - ఈ నలుగురే ఆ బృందం.

వీరి విజయాల వెనుక నికీ చిన్, మైక్ చాప్‌మన్ అనే ఇద్దరు గీతకర్తలు ఉన్నారు. జనం నాలుకలపై ఆడే పాటను అల్లడంలో ఆ ఇద్దరూ సిద్ధహస్తులు. 1971 నుండి వీరు సమకూర్చిన పాటలు ఒకదాని వెంట ఒకటి ప్రజాదరణ పొందాయి. 1973లో 'బ్లాక్‌బస్టర్' అనే పాట బ్రిటన్‌లో 5 వారాలపాటు ప్రథమస్థానంలో నిలిచింది. అయితే తొలినాటి రికార్డులలో ఈ బృందసభ్యులు పాడటం వరకే పరిమితమయ్యారు. వాద్యాలను స్టూడియోలో కూలికి వాయించే కళాకారులు వాయించారు. వాయించడం తెలిసిన చేతులు ఉండి కూడా వాయించే అవకాశం లేకపోవడం కంటె కళాకారునికి అవమానం ఏముంటుంది?

ఆ కాలంలో ఒక చిన్న రికార్డుకు రెండు పక్కలు ఉండేవి. మొదటి పక్కన అమ్ముడుపోయే పాట, రెండవ పక్కన దానికి తోడుగా మరొక పాట. స్వీట్ రికార్డులలో మొదటి పక్క చిన్, చాప్‌మన్‌లది. రెండవ పక్క బృందం తానే రాసుకొన్న పాటది. మొదటి పక్క చిన్నపిల్లలు సైతం పాడుకొనే తేలిక పాట కాగా, రెండవ పక్క బరువైన రాక్ సంగీతం. ఒకే రికార్డులో లోకం కోరిన ముఖం ఒకవైపు, తమ నిజమైన ముఖం మరొకవైపు ఉండేవి. లోకం మొదటి పక్కనే విన్నది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయించక మానదు. ఇతరులు రాసిన పాటను పాడటం తప్పా? ఎంతమాత్రమూ కాదు. ఒకరు రాసింది మరొకరు పాడటం సంగీతంలో సర్వసాధారణం. చిన్, చాప్‌మన్‌లు లేకపోతే స్వీట్ అనే పేరు ఇంతమందికి తెలిసేది కాదేమో. 1973లో వచ్చిన 'బాల్‌రూమ్ బ్లిట్జ్' వారి రచనే. దానిని ఈనాటికీ వినేవారున్నారు. ఎక్కివచ్చిన నిచ్చెనను నిందించడం కృతఘ్నత. కాని నిచ్చెన మీదే నివాసం ఉండలేం గదా! తప్పు పరుల పాటలో లేదు. తన పాటకు చోటు లేకుండా పోవడంలో ఉన్నది.

ఆ చోటును ఈ బృందం 1974 ఏప్రిల్‌లో సంపాదించుకొన్నది. ఫిల్ వైన్‌మన్ నిర్మాణంలో వెలువడిన 'స్వీట్ ఫానీ ఆడమ్స్' సంపుటిలో 9 పాటలున్నాయి. వాటిలో 6 సభ్యులు స్వయంగా రాసుకొన్నవి. రెండు చిన్, చాప్‌మన్‌లవి. మరొకటి 1961 నాటి 'పెప్పర్‌మింట్ ట్విస్ట్' అనే పాటకు పునర్గానం. పరుల పాటలను పూర్తిగా త్రోసిపుచ్చకుండా, తమ పాటలకు పెద్దపీట వేయడం ఇందులోని వివేకం. అంతకుముందు రెండవ పక్కన అణగి ఉన్న ఆ బరువైన సంగీతమే ఇప్పుడు ముందుకు వచ్చింది.

విధి విచిత్రమైనది. సొంత గొంతు వినిపించే సమయానికి బృందంలోని ప్రధాన గాయకుని గొంతుకే దెబ్బ తగిలింది. 1974 ప్రారంభంలో స్టేన్స్ అనే పట్టణంలో కొందరు కానలీపై దాడి చేయగా కంఠానికి గాయమైంది. పని ఆగలేదు. కొన్ని పాటలలో ప్రీస్ట్, స్కాట్ ప్రధానగానం చేశారు. నలుగురూ గొంతు కలిపి పాడటం అలవాటైన బృందం కనుక ఆ లోటును భరించగలిగింది. భారమంతా ఒక్కరిపైనే మోపని బృందమే ఆపదలో నిలబడుతుంది.

ఈ సంపుటిలో మెచ్చదగని అంశం కూడా ఒకటున్నది. అది దాని పేరు. ఫానీ ఆడమ్స్ అనేది 1867లో ఇంగ్లండులోని ఆల్టన్ పట్టణంలో ఘోరహత్యకు గురైన ఎనిమిదేండ్ల బాలిక పేరు. తరువాత నావికులు తమకిచ్చే డబ్బా మాంసాన్ని ఎగతాళిగా ఆ పేరుతో పిలిచారు. కాలక్రమంలో ఆ మాటకు 'ఏమీ లేదు' అనే అర్థం స్థిరపడింది. బృందం తన పేరు కలిసివచ్చేలా ఆ నుడికారాన్ని వాడుకొన్నది. మాట అర్థం మారవచ్చు. దాని వెనుక ఉన్న కన్నీరు మారదు. పదాన్ని చమత్కారానికి వాడుకొనే ముందు దాని పుట్టుకను విచారించడం కళాకారుని బాధ్యత.

ఈ ప్రయత్నానికి లభించిన ఫలమేమిటి? బ్రిటన్‌లో ఈ సంపుటి 27వ స్థానానికి మించి ఎదగలేదు. ప్రథమస్థానాన్ని చూసినవారికి అది చిన్న అంకె. కాని ఈ సాహసమే తరువాతి అడుగుకు బలమిచ్చింది. 1975లో సభ్యులు తామే రాసి, తామే నిర్మించిన 'ఫాక్స్ ఆన్ ది రన్' పాట బ్రిటన్‌లో రెండవ స్థానానికి చేరింది. 1976లో 'గివ్ అజ్ ఎ వింక్' సంపుటిలో పాటలన్నీ వారివే. పరుల సహాయం లేకుండా వీరు నిలువలేరన్న మాటకు ఇదే సమాధానం. ఆ వైభవం కలకాలం నిలువలేదన్నది నిజమే. అయితే ఎరువు తెచ్చుకొన్న వైభవం మాత్రం కలకాలం నిలుస్తుందా?

యువతరానికి ఈ సంపుటి చెప్పే విషయం సంగీతానికే పరిమితం కాదు. అనుకరణతో చదువు మొదలుకావచ్చు, అనుకరణతోనే ముగియకూడదు. ఎవరో తయారుచేసిన జవాబును వల్లించి తెచ్చుకొన్న నూరు మార్కుల కంటె, ఆలోచించి సొంతమాటలలో రాసి తెచ్చుకొన్న అరవై మార్కులు మనిషిని ఎక్కువ దూరం నడిపిస్తాయి. గురువులకు, తోడ్పడినవారికి కృతజ్ఞత చూపుతూనే, తనదైన మాట ఒకటి లోకానికి వినిపించాలి. మొదట దానిని వినేవారు కొద్దిమందే కావచ్చు. అయినా అది సొంత సొమ్ము. దానికి బరువు లేదు, తిరిగి ఇవ్వవలసిన గడువూ లేదు.