దారి మారితే కథ పోవాలా?

పోయిన సెమిస్టర్‌లో మన పత్రిక పాత సంచికలన్నీ వెబ్‌సైట్‌లో పెట్టే పని మా ముగ్గురి మీద పడింది. రచనలన్నీ ఒక కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో ఉన్నాయి. ఏపీఐకి ఫోల్డర్ పాత్ ఇస్తే చాలు, లోపలున్నవి తెచ్చిపెడుతుంది. "సంచికలు/2019/కధలు" అని రాశాం. చూడగానే అర్థమయ్యే దారి. హాయిగా అనిపించింది.

ఆ హాయి నెల రోజులే. ఎవరో ఎడిటర్ ఆ ఫోల్డర్ పేరులో "ధ" తీసేసి "థ" పెట్టారు. తప్పేం లేదు, తెలుగు క్లబ్బులో అక్షరదోషం దిద్దడం పుణ్యమే! కానీ మా కోడ్‌లో పాత పేరే ఉంది. మనిషి "కధ" చూసినా "కథ" అనే చదువుకుంటాడు, మెషీన్‌కి అవి రెండూ వేరు. మర్నాటికి ఆ ఏడాది కథలన్నీ 404. అప్పట్లో రాసిన ఒక సీనియర్ అక్క మెసేజ్ పెట్టింది: "నా మొదటి కథ తీసేశారా?" ఫైల్ ఉన్నచోటే ఉంది. మేమే దాన్ని పోగొట్టాం.

పాత్ అంటే "రామాలయం పక్క సందులో మూడో ఇల్లు" లాంటిది. ఇల్లు మారితే పనికిరాదు. ఐడీ అంటే ఆధార్ నంబర్ లాంటిది. ఎక్కడికెళ్లినా మారదు. 2010లో వచ్చిన సీఎంఐఎస్ ప్రమాణంలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ గ్రాఫ్‌లోనూ అంతే. గూగుల్ డ్రైవ్ ఏపీఐ మాత్రం ఐడీనే అడుగుతుంది. అక్కడ ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండొచ్చు మరి, పాత్ చెప్తే ఏది ఇవ్వాలి?

"అయితే అన్నిచోట్లా ఐడీలే వాడేద్దాం" అన్నాడు మావాడొకడు. నేను ఒప్పుకోను. వచ్చే బ్యాచ్ వాళ్లకి ఆ అంకెలూ అక్షరాలూ చూస్తే ఏం తెలుస్తుంది? పైగా రేపు ఇంకో సిస్టమ్‌కి మారితే ఐడీలు సాధారణంగా కొత్తవి వస్తాయి. అప్పుడు చేతిలో మిగిలేది ఫోల్డర్ల వరసే.

అందుకే నా మాట ఇది: వెతకడానికి పాత్, గుర్తుపెట్టుకోడానికి ఐడీ. మొదటిసారి పాత్‌తో పట్టుకుని, వచ్చిన ఐడీని దాచుకోవాలి. లింకులు ఐడీ మీదే నడవాలి. పాత్‌ని కూడా పక్కనే రాసిపెట్టుకోవాలి. మేమిప్పుడు అలాగే మార్చాం. అక్క కథ మళ్లీ తెరుచుకుంటోంది.

ఇంకో చిన్న మనవి. అక్షరదోషాలు దిద్దండి, తప్పకుండా దిద్దండి. ఫోల్డర్ పేరు దిద్దేముందు మాత్రం గ్రూప్‌లో ఒక్క ముక్క చెప్పండి.