పాత కారు: ధర వేరు, ఖర్చు వేరు



పోయిన ఎండాకాలంలో ఒక ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్లిన తరువాత ఒక యౌవన సహోదరుడు మందిరం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మా పెగడపల్లి మండలంలోనే ఒక పల్లె అతనిది. గల్ఫులో నాలుగేండ్లు పనిచేసి వచ్చాడు. అప్పులు తీరగా చేతిలో 1,50,000 రూపాయలు మిగిలాయి. తల్లికి మూత్రపిండాలు పాడైనందున డయాలసిస్ నిమిత్తం వారానికి 2 సార్లు జగిత్యాలకు తీసుకుపోవాలి. పోయేటప్పుడు ఆమె బస్సులో కూర్చోగలదు గాని, వచ్చేటప్పుడు ఆ ఓపిక ఉండదు. కిరాయి కారుకు ఒక్కొక్క ట్రిప్పు 1,000 రూపాయలు.

"అయ్యగారూ, కరీంనగర్‌ల ఒక కారు జూసొచ్చిన. అద్దం లెక్క మెరుస్తుంది. లక్షా యాభై వేలకు ఇస్తమంటున్నరు. తీసుకొమ్మంటరా?" అని అడిగాడు.

"తమ్ముడూ, ఉన్నదంతా కారు ధరకే పెడితే, రేపు దాని రిపేరుకు ఏం పెడతవు?" అన్నాను.

ఈ ప్రశ్న నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. కొన్నేండ్ల క్రితం నేను ఒక పాత మారుతి 800 కొన్నాను. కూడబెట్టినదంతా ధరకే పోయింది. రేడియేటరు పైపు పగుళ్లు వేసిందని మెకానిక్ చెప్పినా, వచ్చే నెల చూద్దామని ఊరకున్నాను. ఒక మధ్యాహ్నం భూస్థాపన కార్యక్రమానికి పోతుండగా వేడి చూపించే ముల్లు పైకి లేచింది. ఇంకా 5 కిలోమీటర్లే గదా అని ఆపలేదు. హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ వంగింది. కొన్ని వందల రూపాయల పైపు మార్చనందుకు నా రెండు నెలల జీతం షెడ్డులో కట్టవలసి వచ్చింది. గోపురం కట్టబోయే మనిషి ముందుగా ఏమి చేయాలో ప్రభువు చెప్పిన సంగతి మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో! నా బండి విషయంలో మాత్రం నేనే మరచిపోయాను.

కనుక ఆ సహోదరునితో కలిసి ముందు కాగితం మీద లెక్క వేశాము. నెలకు 8 లేక 9 ట్రిప్పులు, అనగా కిరాయికి 8,000 రూపాయల పైనే. రానుపోను 60 కిలోమీటర్లు. సొంత కారైతే అప్పటి ధరకు పెట్రోలుకు సుమారు 3,500. రిపేర్లకు, ఇన్సూరెన్సుకు నెలకు 2,000 పక్కకు పెట్టినా ఇంకా మిగులుతుంది. ఈ ఇంటికి కారు అవసరమే. కాని పెండ్లికో, క్రిస్మస్‌కో, ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే అవసరమయ్యే ఇంటికి కిరాయి కారే చవక. పక్కింటివారు కొన్నారని కొనవద్దు.

రెండవ లెక్క: ఉన్న సొమ్మును 3 భాగాలు చేసి, 2 భాగాలలోపు ధర చూసుకోవాలి. మూడవ భాగం, కొన్న వెంటనే చేయించవలసిన పనులకు. ఈ ప్రకారం ఆ మెరిసే కారును వదిలేశాము.

ఇక ఏ కారు? మన మెకానిక్ చేయి తిరిగినది, మన పట్టణాలలో సామాను దొరికేది. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా, దానికి, ఆల్టోకు సామాను దొరకడం కష్టం కాదు. జనరల్ మోటార్స్ వారు 2017 చివరకు మన దేశంలో షెవర్లే కార్ల అమ్మకం ఆపారు. ఫోర్డ్ వారు 2021లో ఇక్కడి అమ్మకం కొరకు కార్లు తయారు చేయడం మానుకున్నారు. అవి చెడ్డ కార్లని నేను అనడం లేదు. కాని ఒక్క సామాను కొరకు వారం రోజులు ఎదురుచూడవలసి వస్తే, డయాలసిస్ అన్ని రోజులు ఆగదు గదా.

కారు చూడడానికి ఉదయమే వెళ్లండి. అమ్మేవారు చూపిన మెకానిక్ కాక, మీ మెకానిక్‌ను వెంట తీసుకుపోండి, అతని కూలి ఇవ్వండి. బానెట్ మీద చేయి పెట్టి చూడండి. ఇంజన్ చల్లగా ఉండాలి. ముందుగానే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే లోపాలు దాగుతాయి. పొగ నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ పోతున్నది. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే, కూలెంట్ ఇంజన్ లోపలికి చేరుతున్నదేమో చూపించండి. ఆయిల్ మూత తీసి చూసినప్పుడు లోపల మీగడవంటిది కనబడినా అదే అనుమానం.

మీటరును ఒక్కదానినే నమ్మవద్దు. మీటరు వెనక్కి తిప్పడం దొంగ త్రాసుతో తూచడమే. మీటరులో 50,000 కిలోమీటర్లే ఉండి, పెడల్ రబ్బర్లు అరిగి, స్టీరింగు నున్నగా మారి, సీటు కుంగిపోతే ఏది నిజమో మీరే గ్రహించండి. టైరు పక్కన 4 అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరని అర్థం. నీట మునిగిన కార్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో ఎన్నో కార్లు మునిగాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి, కింది పరుపు ఎత్తి, బురద మరకలు, తుప్పు ఉన్నాయేమో చూడండి.

మేము చూసిన నాలుగవ కారు 2012 నాటి ఆల్టో. మీటరు 1,12,000 కిలోమీటర్లు. సహోదరుని ముఖం చిన్నబోయింది. కాని అమ్మే పెద్దమనిషి ఒక సంచి తెచ్చి ముందు పెట్టాడు. అందులో ఏండ్ల తరబడి చేయించిన సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. క్లచ్ బాగాలేదని ఆయనే చెప్పాడు. అటువంటి లక్ష కిలోమీటర్లకు నేను భయపడను. 1,00,000 రూపాయలకు మాట కుదిరింది.

మాట కుదిరిందని డబ్బు ఇచ్చివేయకండి. ఆ బండి నంబరు ఏపీ 15. తెలంగాణ రాష్ట్రం ఏర్పడక ముందు కరీంనగర్ జిల్లాలో రిజిస్టరైన బండ్లకు అదే ఉంటుంది. కారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు చెల్లుతుంది గనుక ఈ కారుకు 2027లో గడువు తీరుతుంది. తరువాత బండిని పరీక్ష చేయించి 5 ఏండ్లకు పొడిగించుకోవాలి. ఆ రుసుమును కేంద్ర ప్రభుత్వం 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల నుండి 5,000కు పెంచింది. 2025లో 20 ఏండ్లు దాటిన కార్లకు 10,000 చేసింది. ఇంకా గ్రీన్ టాక్సు వేరే. బేరంలో ఇవన్నీ లెక్కకు రావాలి. ఆర్.సి. మీద ఫైనాన్సు ఉన్న యెడల, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే పత్రము, ఫారం 35 లేకుండా కొనవద్దు. చలాన్లు ఎన్ని మిగిలాయో నంబరు కొట్టి చూడండి. ఢిల్లీ నుండి వచ్చిన కారు చవక అని ఎవరైనా చెప్తే, అక్కడి ఎన్.ఓ.సి., ఇక్కడ కట్టవలసిన లైఫ్ టాక్సు కలిపి లెక్క వేయండి. అప్పుడు ఎంత చవకో తెలుస్తుంది.

పేరు మార్పు మాత్రం వాయిదా వేయవద్దు. ఫారం 29, ఫారం 30 నింపాలి. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 దినములలోగా, కొన్నవారు 30 దినములలోగా రవాణా శాఖకు తెలియజేయాలని చట్టము. ఇన్సూరెన్సు కూడా 14 దినములలోగా మార్చుకోవాలి. "తెలిసినవాళ్లే గదా, నిదానంగా చూద్దాం" అని మన ఊళ్లలో చాలామంది అంటారు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గమనించండి. కారు ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే ప్రమాద నష్టపరిహారానికి వారే బాధ్యులని చెప్పింది. మీరు కొని పేరు మార్చుకోకపోతే, మీకు మేలు చేసిన మనిషి మెడకు ఉరి వేసినట్టే.

కారు ఇంటికి వచ్చిన వారంలోనే మిగిలిన 50,000 లోనుండి 31,000 ఖర్చయింది. క్లచ్, టైమింగ్ బెల్టు, ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు, 2 టైర్లు, పేరు మార్పు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చివేయడమే క్షేమం. అది నడుస్తుండగా తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి.

తరువాత ప్రతివారం చేయవలసినవి కొద్దివే. చల్లని ఇంజన్‌లో ఆయిల్ కడ్డీ తీసి మట్టం చూడాలి. కూలెంట్ చూడాలి. రేడియేటరులో బోరు నీళ్లు పోయవద్దు, ఉప్పు పేరుకొని దారులు మూసుకుపోతాయి. వేడిమీద రేడియేటరు మూత తీయవద్దు. టైర్ల గాలి చూడాలి. వడ్ల బస్తాలున్న కొట్టంలో కారు పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. 2025 నాటికి దేశమంతటా బంకులలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తున్నది. దానికొరకు తయారు కాని పాత కార్లలో పెట్రోలు రబ్బరు పైపులు, గాస్కెట్లు త్వరగా పాడయ్యే అవకాశమున్నది గనుక, సర్వీసు చేయించిన ప్రతిసారీ వాటిని చూపించండి. వంటగ్యాసు సిలిండరుతో కారు నడపడం నేరము, ప్రాణాంతకము కూడా. ఒక నోటు పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు రాయండి.

కొన్న మూడవ నెలలో, తల్లిని తీసుకొని వస్తుండగా దారిలో ఆ సహోదరుని కారుకు కూడా ముల్లు పైకి లేచింది. వెనుక సీట్లో తల్లి నీరసంగా పడుకొని ఉన్నది. ఇల్లు దగ్గరలోనే ఉన్నది. అయినా వెంటనే పక్కకు ఆపి, ఇంజన్ బంద్ చేసి, తల్లిని వేపచెట్టు నీడన కూర్చోబెట్టి ఆటో పిలిపించాడు. సాయంత్రం మెకానిక్ వచ్చి చూస్తే పైపు క్లిప్పు వదులై కూలెంట్ కారిపోయింది. కొత్త క్లిప్పు, కూలెంట్, కూలి కలిపి 900 రూపాయలు. ఇంజన్‌కు ఏమీ కాలేదు.

ఆ రాత్రి ఫోను చేసి, "అయ్యగారూ, మీరు ఆపలేదని జెప్పింది యాదికొచ్చింది, అందుకే ఆపిన" అన్నాడు. నేను పోగొట్టుకున్న రెండు నెలల జీతం ఒకరికైనా పనికివచ్చినందుకు నాకు సంతోషమైంది.

రేపు అతడు ఆ కారును అమ్మే దినము కూడా వస్తుంది. ఆ నోటు పుస్తకాన్ని, బిల్లుల సంచిని కొనేవారి చేతిలో పెట్టి, ఉన్న లోపం దాచకుండా చెప్పమని ముందే చెప్పి ఉంచాను. తనకు అమ్మిన పెద్దమనిషి అట్లాగే చేశాడు గదా.

మీ సహోదరుడు,
పాస్టరు, పెగడపల్లి