‘మేము కూలీలం కాము’ అన్న వాదం

తొర్రూరు బస్టాండు దగ్గరి టీ కొట్లలో ఈ మధ్య అమెరికా పౌరసత్వం ఊరి ముచ్చటగా మారింది. జన్మతః లభించే పౌరసత్వాన్ని కుదిస్తూ 2025 జనవరి 20న ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు, వీసాల మీద అక్కడున్న పిల్లల తల్లిదండ్రులకు కంటిమీద కునుకు లేకుండా చేసింది. ఆ ఆందోళన న్యాయమైనదే. దాని వెంటే వినిపించే మరో మాట మాత్రం గుచ్చుకుంటుంది: ‘దొడ్డిదారిన పోయినోళ్లతో మన పిల్లలను కలుపుతారా?’

ఈ మాటకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి తెలుగు కూలీలు నేటాల్ చెరకు తోటలకు తరలిపోయారు. ఓడ పట్టీల్లో పేరు, ఊరుతో పాటు కులాన్నీ నమోదు చేసేవారు. ఒప్పందం ముగిశాక అక్కడే స్వేచ్ఛగా బతకదలచిన కూలీపై 1895 నాటి చట్టం ఏడాదికి మూడు పౌండ్ల పన్ను మోపింది. సొంత ఖర్చుతో వెళ్లిన వర్తకులకు ఆ పన్ను లేదు. మరుసటి ఏడాది భారతీయులు కొత్తగా ఓటర్లయ్యే దారినీ మూసివేశారు.

వర్తక ప్రముఖుల అర్జీలు ‘మేమూ రాణిగారి ప్రజలమే’ అన్నాయి; మరుక్షణమే ‘మేము కూలీలం కాము’ అన్నాయి. యువ న్యాయవాది గాంధీ సైతం 1894 నాటి బహిరంగ లేఖలో ఆంగ్లేయులదీ భారతీయులదీ ఒకే ఆర్యమూలమని వాదించారు. ఆ మూలంలో చెరకు నరికే మాల, మాదిగలకు చోటెక్కడ? చివరకు మూడు పౌండ్ల పన్నును 1914లో రద్దు చేయించింది అర్జీలు కాదు, అంతకుముందు ఏడాది గనుల్లో, తోటల్లో పని ఆపేసిన వేలాది కూలీల సమ్మె.

అదే 1914లో బ్రిటిష్ పార్లమెంటు జాతీయతా చట్టం చేసింది. సామ్రాజ్యమంతటా ప్రజలు ఒక్కటేనన్నది. ఆ ప్రజల్లోని వేర్వేరు తరగతులను వేర్వేరుగా చూసే వెసులుబాటును డొమినియన్లకు వదిలిపెట్టింది. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానతను మన పల్లెల్లో చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. నిజాం ఏలుబడిలోని తొర్రూరు రైతుకు, వెట్టివానికి ఆ కింది మెట్టు కూడా దక్కలేదు. వారు బ్రిటిష్ ప్రజలు కారు, బ్రిటిష్ రక్షణలోని వ్యక్తులు మాత్రమే.

1923లో భగత్ సింగ్ థింద్ తాను అగ్రకులానికి చెందిన ఆర్యుడిననీ, కనుక తెల్లజాతివాడినేననీ అమెరికా సుప్రీంకోర్టులో వాదించి ఓడిపోయాడు. వర్ణవివక్ష తప్పని కాదు, తన వర్ణం వేరని వాదించాడు. సరిగ్గా నూరేళ్లకు, 2023 ఫిబ్రవరిలో, సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. దాన్ని అడ్డుకోజూసిన వారిలో కొన్ని భారతీయ ప్రవాస సంఘాలూ ఉన్నాయి.